ఇవాళ ఏం కొనలేదత్తయ్యా?

నేను కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా మా అత్తయ్య పోయిందన్న కబురు వచ్చింది. పోర్టులో మావయ్యతో పనిచేసే ఒకాయన స్కూటరు మీద కూర్మన్నపాలెం దాకా వచ్చి, మా గుమ్మం ముందు నిలబడి, "మీ అత్తయ్యగారు ఇందాక కాఫీ తాగుతూ అలాగే గోడకి ఒరిగిపోయారమ్మా" అన్నాడు. నాన్న లోపలినుంచి వచ్చి విన్నాడు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. "మొన్ననే కదే అక్క చింతకాయ పచ్చడి పంపింది" అన్నాడు.

ఆ పచ్చడి డబ్బా వంటింట్లో ఇంకా సగం నిండుగానే ఉంది. దాని మూత మీద చుక్కలు చుక్కలుగా అత్తయ్య పేరు కొట్టి ఉంది.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. మావయ్యకు పోర్టులో క్రేన్ మీద ఉద్యోగం వచ్చినప్పుడు గోదావరి పక్కనున్న మా ఊరినుంచి ఈ ఊరు వచ్చేసింది. అప్పటికి నేను పుట్టలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు స్టీల్ ప్లాంట్ పనులు మొదలయ్యాక నాన్న కూడా ఇక్కడికే వచ్చాడు. అప్పటినుంచి నా ఆదివారాలన్నీ పోర్టు క్వార్టర్లలో అత్తయ్య ఇంట్లోనే గడిచాయి.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే మొదట కనిపించేది స్టీలు. అటక మీద బిందెలు, బిందెల్లో గిన్నెలు, గిన్నెల్లో గ్లాసులు. మంచం కింద డబ్బాలు. కుంకుడుకాయల బస్తా వెనక ఎవరూ ఎప్పుడూ విప్పని క్యారేజీలు. నేను చిన్నప్పుడు ఒక్కొక్క మూతా తీసి చూసేదాన్ని, లోపల ఏదో ఉంటుందని. ఏమీ ఉండేది కాదు. అన్నిటి మీదా ఆవిడ పేరు మాత్రం ఉండేది. గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు వీధిలోకి వస్తే మొదట ఆగేది ఆ గుమ్మం ముందే.

"ఓడలోంచి దిగే సరుక్కి కూడా ఇన్ని గుర్తులుండవే" అనేవాడు మావయ్య. "రేపు నేను కాస్త కదలకుండా కూర్చుంటే నా వీపు మీద కూడా కొట్టించేస్తుంది మీ అత్తయ్య."

"మీరు స్టీలైతే కొట్టిద్దునండి" అనేది అత్తయ్య.

వీటికోసం ఆవిడ డబ్బు ఇచ్చేది కాదు. బట్టలు ఇచ్చేది. తలమీద స్టీలు సామాన్ల గంప, చంకన పాతబట్టల మూటతో ఒకామె ఆనందపురం నుంచి వస్తూండేది. రెండు చీరలకు ఒక గిన్నె, నాలుగు ప్యాంట్లకు ఒక డబ్బా, అలా సాగేది బేరం. చేతినుంచి పైసా కదలదు కాబట్టి అది కొనడమని ఎవరికీ అనిపించేది కాదు. బీరువా ఖాళీ అవుతూ వచ్చింది, అటక నిండుతూ వచ్చింది. ఒకసారి మావయ్య డ్యూటీకి తయారవుతూ ఖాకీ చొక్కా వెతికి వెతికి, చివరికి కొత్త పాలగిన్నె వైపు అనుమానంగా చూశాడు. అత్తయ్య తల వంచుకుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయనమ్మ పట్టుచీర కూడా ఆ గంపలోకి వెళ్లిపోయింది.

అది నాయనమ్మ పెళ్లిచీర. ఆవిడ పోయాక మిగిలింది అదొక్కటే. కూతురు కాబట్టి అత్తయ్య దగ్గర ఉంచారు. జరీ నల్లబడింది, మడతల దగ్గర చీలింది. ఆ రోజు గంపలో ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే మూడు డబ్బాలున్నాయట. అవి విడదీసి, మళ్లీ ఇమిడ్చి చూస్తుంటే అత్తయ్యకు ఇంకేమీ గుర్తులేదట. లోపలికి వెళ్లింది, చీర తెచ్చింది, ఇచ్చేసింది. గంపామె సందు మలుపు తిరిగాక గానీ తానేం చేసిందో తెలియలేదట.

మర్నాడు ఆదివారం. నన్ను తోడు తీసుకుని బస్సెక్కి ఆనందపురం వెళ్లింది. ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాం. ఆమె మమ్మల్ని చూసి కంగారుపడిపోయింది.

"ఆ సీరా? నిన్న సాయంత్రమే జరీ కొనేటోళ్లకి ఇచ్చీసినానమ్మా. ఈపాటికి కాల్సీసి దాన్లో ఎండి బంగారం తీసీసుంటారు. ఇంకేటి వత్తాది?" అంది. తర్వాత కాస్త నొచ్చుకుంటూ, "మీరే కదా ఇచ్చినారు. నానేటైనా బలవంతం సేసినానా?" అని అడిగింది.

"లేదమ్మా, నీ తప్పేం లేదు" అంది అత్తయ్య. నీళ్లు తాగి లేచాం.

బస్సుకోసం జంక్షన్‌లో నిలబడ్డాం. అత్తయ్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఉన్నట్టుండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చూస్తే ఆవిడ చూపు ఎదుట దుకాణంలో వేలాడుతున్న ఒక జల్లెడ మీద ఉంది.

"చూశావా అమ్మడూ" అంది, చాలా ఆశ్చర్యంగా. "అమ్మ చీర పోయిందని ఏడుస్తున్న కళ్లే ఇవి. ఎంచక్కా ఆ జల్లెడ వైపు పోయాయి. ఇదేంటో కనుక్కోవాలే. కనుక్కోకపోతే రేపు ఇంకేం ఇచ్చేస్తానో నాకే తెలీదు."

ఆ మాట నాకు బాగా గుర్తు. తన తప్పును తిట్టుకోకుండా, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు తనను తాను వింతగా చూసుకున్న మనిషిని నేను అంతకుముందు ఎరగను.

నాన్న మాత్రం తిట్టాడు. అక్కనేమీ అనలేదు, మా ఇంట్లో గోడలతో అన్నాడు. "అమ్మను డబ్బాలకిచ్చేసింది" అని. పోర్టు క్వార్టర్లకు రావడం మానేశాడు. నన్ను బస్సెక్కించి పంపేవాడు గానీ, తాను వచ్చేవాడు కాదు. అత్తయ్య నా వెనకాల ఖాళీ గుమ్మంలోకి ఒకసారి చూసి, "రా" అనేది.

కనుక్కోవడం అప్పటినుంచి మొదలైంది. పిల్లలు లేని దిగులుకొద్దీ కొంటోందని చుట్టాలంతా అనేవారు. అత్తయ్య ఒప్పుకునేది కాదు. "పక్క క్వార్టరావిడకి ఇంటినిండా పిల్లలే. కొనడంలో ఆవిడ నాకు తీసిపోయిందా? ఇంకేదో ఉందే, వెతకాలి" అనేది. కూరలు తరుగుతూ వెతికేది, బట్టలు ఆరేస్తూ వెతికేది. దొరికింది దొరికినట్టు నాకు చెప్పేది. మావయ్యకు రెండో షిఫ్టు పడిన రోజుల్లోనే చెయ్యి ఊరుకోదని ఒకసారి చెప్పింది. గంప మీద గుడ్డ తీసే ముందు గుండె దడదడలాడుతుందని, తీశాక తగ్గిపోతుందని ఇంకోసారి చెప్పింది. ఒక రోజు తోముతున్న గిన్నె ఆపేసి, "గుమ్మం బయట ఉన్నంతసేపే అమ్మడూ దాని అందం. లోపలికొచ్చాక ఉత్త గిన్నె" అంది.

మరో ఆదివారం నేను వెళ్లేసరికి ఎదురొచ్చింది.

"దొరికిందే! నాకు గిన్నె అక్కర్లేదు. బేరం కావాలి. మా ఊళ్లో తెల్లారి లేస్తే వీధంతా పలకరింపులే కదా. ఇక్కడ తలుపేసుకుంటే ఓడల కూతలు తప్ప మాటే వినపడదు. గంపావిడ వచ్చి గుమ్మంలో కూర్చుని, ‘ఏటమ్మా, ఒంట్లో బాగున్నాదేటి?’ అంటుంది చూడు, దానికోసమే చీరలిచ్చేస్తున్నాను."

దొరికినంత మాత్రాన ఆగలేదు. ఆ వారమే ఒక గరిటె వచ్చింది. తర్వాత పూలసజ్జ ఒకటి వచ్చింది. "తెలిసిందిగా అత్తయ్యా, మళ్లీ ఎందుకు?" అంటే, "తెలిసింది బుర్రకే. చేతులకింకా తెలీదు" అని నవ్వేసింది. నవ్విందే గానీ, ఆ సజ్జ నా కళ్లబడకుండా కొంగు కప్పింది.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. గంపామెను రావద్దనలేదు. పిలిచి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చేది. సరుకంతా దింపించి, ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, వేలితో కొట్టి చప్పుడు విని, మళ్లీ గంపలో పెట్టేసేది. మొదట్లో ఆమె విసుక్కుంది. "ఏటమ్మా, తీసుకోనప్పుడు ఇదంతా ఎందుకు దింపించినారు? నా మెడ పడిపోతన్నాది" అంది. అత్తయ్య ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి ఆమెకు వేరే బేరాలు చూపించింది. దాంతో ఆమె సర్దుకుంది. తర్వాత్తర్వాత గంప దింపకుండానే కూర్చుని కబుర్లు చెప్పి పోయేది.

ఆదివారం నేను వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. "ఇవాళ ఏం కొనలేదత్తయ్యా?"

కొననిదాన్ని అత్తయ్య మాటల్తో చేసి చూపించేది. పాలకూజా అయితే దాని మెడ ఎలా ఒంపు తిరిగిందో, మూత వేస్తే ఎలా చప్పుడయిందో, అందులో తన ముఖం ఎంత పొడుగ్గా కనిపించిందో అన్నీ చెప్పేది. నేను మధ్యలో దూరి, "తళతళలాడుతోందా?" అంటే ఆగేది. "తళతళ ఎండలోనే. నీడలోకి తెస్తే మిలమిల. నేను గుమ్మంలో కదా చూశాను, మిలమిలే" అనేది. నేను ఇవాళ మాటల వెంట పడి తిరుగుతున్నానంటే ఆ గుమ్మమే కారణం. ఒక వస్తువుకు సరైన మాట దొరికితే, అది మన చేతికి వచ్చినంత తృప్తిగా ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. చెప్పడం అయిపోయాక అత్తయ్య చేతులు దులుపుకుని, "అయిపోయింది, కొనేశాం" అనేది.

ఒక వానాకాలం ఆదివారం, తుపాను వస్తుందన్నారు. వీధిలోకి ఎవరూ రాలేదు. అలవాటుగా నేను నా ప్రశ్న అడిగాను. అత్తయ్య కిటికీలోంచి వాన చూస్తూ, "ఇవాళ గంప రాలేదుగా. పోనీ, పోయినదాని గురించి చెప్పనా?" అంది.

నాయనమ్మ చీర గురించి చెప్పింది. వంకాయ రంగు. పెట్టె తీయగానే కర్పూరం వాసన. కొంగు చివర ఎప్పటిదో పసుపు మరక, ఎంత ఉతికినా పోనిది. కుచ్చిళ్ల దగ్గర దీపం అంటుకుని చిన్న చిల్లు, దానికి నాయనమ్మ స్వయంగా వేసిన మాసిక. అంచు ఆకుపచ్చ.

"అంచు ఆకుపచ్చ కాదక్కా. నెమలికంఠం."

తిరిగి చూస్తే నాన్న. తుపాను భయానికి నన్ను తీసుకుపోదామని వచ్చినట్టున్నాడు. గొడుగు మూయకుండా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో మరి.

అత్తయ్య కిటికీ దగ్గరనుంచి ఇటు తిరిగింది. "నీకేం తెలుసురా, పసివాడివి" అంది.

"ఆ కొంగు పట్టుకునే కదా నేను పడుకునేవాణ్ణి. నాకు తెలీదా?"

ఇద్దరూ కాసేపు ఆ అంచు గురించే దెబ్బలాడుకున్నారు. ఆకుపచ్చ అని ఒకరు, నెమలికంఠం అని ఒకరు. నాకు ఆ చీర అప్పుడు ఎదురుగా ఆరేసినట్టు కనిపించింది. చివరికి నాన్న గొడుగు మూశాడు. కిటికీలో మూడు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి ఉన్నాయి. వాటి మీద మాత్రం అత్తయ్య పేరు కొట్టించుకోలేదు.

"ఇవేనా?" అన్నాడు నాన్న.

"ఇవే."

అన్నిటికన్నా చిన్నది బయటికి తీసి, తిప్పి చూసి, "దీంట్లో వక్కలు పోసుకుంటాను" అని జేబులో వేసుకున్నాడు. అత్తయ్య పెసరట్లకు పెసలు నానబోయడానికి లోపలికి వెళ్లింది.

అటక ఖాళీ అవడం ఆ తర్వాతే. ఎవరింట్లో పెళ్లిచూపులున్నా, ఎవరు కొత్తగా కాపురం పెట్టినా, ఎవరి క్యారేజీ చిల్లుపడినా ఒక గిన్నో డబ్బానో ఆ ఇంటినుంచి వెళ్లేది. తిరిగి అడిగేది కాదు. "అది వాళ్ల గుమ్మం దాటాక మళ్లీ బాగుంటుందే" అనేది.

మొన్న ఆవిడ పోయినప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. క్వార్టర్ల వాళ్లే పూటపూటకూ అన్నం, చారు, మజ్జిగ పంపించారు. గిన్నెలన్నీ కడిగి ఎవరివి వాళ్లకు ఇచ్చే పని నాకు అప్పగించారు. పెరట్లో కూర్చుని తోముతూ మొదటి గిన్నె తిప్పితే అత్తయ్య పేరు. రెండో దాని మీదా అదే. క్యారేజీ మీద, చెంబు మీద, చారు తెచ్చిన గిన్నె మీద, అన్నిటి మీదా అదే పేరు. ఏది ఎవరికివ్వాలో తెలియక అలాగే కూర్చున్నాను.

పక్క క్వార్టరావిడ వచ్చి నా అవస్థ చూసింది. "నా క్యారేజీకి అడుగున సొట్టుంటాది, సూడమ్మా" అంది. ఇంకొకావిడ పిడి చూసి గుర్తుపట్టింది. వాళ్లు ఒక్కొక్కటే వెతుక్కుంటున్నారు. మావయ్య గుమ్మంలో నిలబడి ఆ పేర్లన్నీ చూస్తూ, అలవాటుగా ఏదో హాస్యమాడబోయి, ఆగిపోయాడు.

మిగిలినవి ఎండలో బోర్లించాను. పోర్టు వైపునుంచి వచ్చే ఎర్రదుమ్ము అప్పుడే వాటి మీద పల్చగా వాలుతోంది. ఎండ గోడ వైపు జరుగుతోంది. నేను చూస్తుండగానే నీడ మొదటి గిన్నె మీదికి వచ్చింది. తళతళలాడుతున్నది కాస్తా మిలమిలలాడసాగింది. తర్వాత దాని పక్కది. తర్వాత ఆ పక్కది.