దొంగ దడను పట్టిన డాక్టర్ సువార్తమ్మ

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా డాక్టర్ సువార్తమ్మ గారు కన్నుమూశారు. వారి సంఘస్థుల మాటలో చెప్పాలంటే, ప్రభువునందు నిద్రించారు. మూసాపేటలోని చర్చిలో ఆరాధన ముగిశాక పాటల బృందంతో మెట్ల మీద నిలబడి కాసేపు హాస్యమాడి, ఇంటికి వచ్చి, భర్త దానియేలు గారు వడ్డించిన కంచం ముందు కూర్చున్నారట. "తల పగిలిపోతోందండీ" అన్నారట. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది.

నా భార్య లావణ్యా నేనూ మదీనాగూడలో కూరగాయలు ఏరుకుంటుండగా ఫోన్ వచ్చింది. విన్నది అర్థం కాక మళ్లీ చెప్పమన్నాను. సువార్త అంటే శుభవార్త. ఆ పేరు పలికి ఎవరైనా ఇలాంటి కబురు చెబుతారని నేనెన్నడూ ఊహించలేదు. ఆ సాయంత్రం పాత సహోద్యోగులు ఒక్కొక్కరే ఫోన్ చేశారు. అందరూ ముందుగా అడిగింది ఒకటే: "గుండేనా?" కాదన్నాను. హైటెక్ సిటీలో ఇంతమంది యువతీయువకుల హృదయస్పందనను చెవొగ్గి విన్న ఆ మహాతల్లిని, ఆమె హృదయం మాత్రం కడదాకా మోసం చేయలేదు. ఆ సంగతి తెలిసి నాకు ముందు విచిత్రమైన ఊరట కలిగింది. దుఃఖం ఆ వెనక వచ్చింది.

ఆమెది రేపల్లె. ప్రభుత్వ ఆసుపత్రులలో సుదీర్ఘకాలం వైద్యురాలిగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత ఊరికే కూర్చోవడం చేతగాక, మా కంపెనీ ఉన్న భవనంలోని వైద్యశాలకు వచ్చారు. కింది అంతస్తులో రెండు మంచాలు, ఒక బల్ల, ఒక ఇ.సి.జి. యంత్రం. భారీ విగ్రహం, నుదుటి మీదికి జారే కళ్లజోడు, చర్చిలో పాడి పాడి గట్టిపడిన కంఠం. ఆ నవ్వు లిఫ్టు దాకా వినిపించేది. తలనొప్పి మాత్ర కోసం వెళ్లినవాళ్లు మాత్ర మరిచిపోయి తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది మాత్రం తలనొప్పితో కాదు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న, ఇల్లు నడిపే అమ్మ, వాళ్లకు నేనొక్కణ్నే కొడుకును. ఉన్నట్టుండి, ఏ కారణమూ లేకుండా, నా గుండె పరుగు అందుకునేది. మెల్లగా పెరగడం కాదు, స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా. మెడలో నరం కొట్టుకోవడం అద్దంలో కనిపించేది. కాసేపటికి మళ్లీ స్విచ్ ఆపినట్టు ఆగిపోయేది. నేను పరుగున ఏ దవాఖానకో చేరేసరికి అంతా సవ్యంగా ఉండేది. ఒకచోట "టెన్షన్" అన్నారు. ఇంకోచోట "కాఫీ తగ్గించు, ధ్యానం చెయ్యి" అన్నారు. మూడోచోటికి వెళ్లడానికి నాకే మొహం చెల్లలేదు. నేను చచ్చిపోతానన్న భయం ఒకవైపు, నాకు పిచ్చేమో అన్న అనుమానం మరోవైపు. రోజంతా మణికట్టు మీద వేలు పెట్టుకుని నాడి చూసుకునేవాణ్ని. నలుగురిలో నవ్వడం మానేశాను.

సువార్తమ్మ గారు నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు.

"ఎప్పుడైనా స్పృహ తప్పావా అబ్బాయ్? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?"

"లేదు డాక్టరమ్మా."

"మంచిది. అయితే నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. వీడెవడో దొంగ. పోలీసులు రాగానే గోడ దూకేస్తున్నాడు. ఈసారి రాగానే నువ్వు కిందికి పరిగెత్తకు. కూర్చున్నచోటే కూర్చుని నాకు ఫోన్ చెయ్యి. నేనే వస్తాను."

'నమ్ముతున్నాను' అన్న ఆ ఒక్క మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూడనట్టు నటించి, బల్ల మీది జామకాయ కోసి సగం నా చేతిలో పెట్టారు.

కొన్నాళ్లకు, ఆరో అంతస్తులో విదేశీ కస్టమర్లతో వీడియో మీటింగులో ఉండగా దొంగ వచ్చాడు. కూర్చున్నచోటి నుంచే ఫోన్ చేశాను. తర్వాత జరిగినది మా కంపెనీలో నేటికీ కథగా చెప్పుకుంటారు. టీ కప్పులు మోసే తోపుడు బండి మీద ఇ.సి.జి. యంత్రం, దాన్ని తోస్తూ పాంట్రీ రాములన్న, వెనక రొప్పుతూ, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని డాక్టరమ్మ. "జరగండి, జరగండి!" అంటూ నేరుగా మీటింగు గదిలోకి వచ్చేశారు. ఆంబులెన్సుకు ముందే కబురు చేసి వచ్చారని తర్వాత తెలిసింది. నన్ను బల్ల పక్కనే నేల మీద పడుకోబెట్టి, చొక్కా గుండీలు విప్పి, తీగలు అతికించారు. కాగితం మీద గీతలు దూసుకుంటూ బయటికి రాసాగాయి. ఆమె ఆ కాగితం పైకెత్తి చూసి, బాలికలా కేక వేశారు.

"దొరికాడు! ఓరి దొంగా, దొరికావురా! గాట్ ఇట్!"

మీటింగులో మైకు ఆపడం అందరం మరిచిపోయాం. వారం రోజులుగా మేము వెతుకుతున్న సాఫ్ట్‌వేర్ లోపం దొరికిందనుకుని, తెర మీది విదేశీయులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను చావుబతుకుల్లో ఉన్నానని నమ్ముతూ, నా కోసం మోగుతున్న ఆ కరతాళధ్వనులు విన్నాను.

తర్వాత ఆమె నన్ను లేపి కూర్చోబెట్టి, ఖాళీ సిరంజి ఒకటి నా నోటికిచ్చి, వెనక ఉన్న కాడ కదిలేలా బలంగా ఊదమన్నారు. ఊదీ ఊదగానే నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, "రాములూ, కాళ్లు లేపు!" అన్నారు. రాములన్న ఒక కాలు, మా మేనేజరు ఒక కాలు ఎత్తి పట్టుకున్నారు. ఛాతీలో ఏదో ఒక్క క్షణం ఆగినట్టయింది. మరుక్షణం నా గుండె, ఏమీ ఎరగనట్టు, టక్ టక్‌మని మామూలుగా కొట్టుకోసాగింది.

"స్తోత్రం!" అన్నారు డాక్టరమ్మ.

"ఏంది డాక్టరమ్మా, గింతేనా?" అన్నాడు రాములన్న, నా కాలు వదలకుండానే.

"గింతే రాములూ. కానీ దీన్ని పట్టుకోవడానికే ఇన్నాళ్లు పట్టింది" అన్నారామె. అందరూ నవ్వారు. ఎన్నో నెలల తర్వాత నేనూ నవ్వాను.

గుండెలో విద్యుత్తు నడిచే దారి ఒకటే ఉండాలి. నాకు పుట్టుకతోనే మరో అడ్డదారి ఉంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగ పంపి దాన్ని మూసివేయవచ్చని పెద్దాసుపత్రి వైద్యులు చెప్పారు. మా అమ్మ యాదమ్మ ససేమిరా అంది. "గుండెకు కాలుకెల్లి పోతరా? గదేం వైద్యం? నా కొడుకును ఖరాబు చేస్తరు" అని ఏడ్చింది. సువార్తమ్మ గారు ఒక సెలవురోజున జీడిమెట్లలోని మా ఇంటికే వచ్చి, అమ్మ పక్కన గడప మీద కూర్చున్నారు.

"వదినా, మీ ఇంటికి రోడ్డు మీంచి ఒక తోవ ఉంది. వెనక ఎవడో గోడకి కన్నం పెట్టాడనుకో, ఏం చేస్తావు?"

"మూపిస్త."

"అంతే. లోపలికి మేస్త్రీ ఏ సందులోంచి వస్తే మనకేం?"

అమ్మ ఆమె వైపు తిరిగింది. "మేస్త్రీ మంచోడేనా?" అని అడిగింది.

"నా కొడుకునైనా ఆయనకే అప్పగిస్తాను" అన్నారామె. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆమెకు బోటి కూరతో అన్నం పెట్టింది. ఆనాటి నుంచి వాళ్లిద్దరూ నిజంగానే వదినలయ్యారు. నా చికిత్స నిర్విఘ్నంగా జరిగింది. ఆ దడ మళ్లీ రాలేదు.

అయితే దడ పోయినంత సులభంగా భయం పోలేదు. ఈ సంగతి ఆమె ఒక్కరే ముందుగా పసిగట్టారు. మెట్లెక్కితే ఆయాసం సహజమే అయినా నాకు చెమటలు పట్టేవి. నాడి చూపించే గడియారం వంక నిమిషానికోసారి చూసేవాణ్ని. ఒకరోజు ఆమె చెయ్యి చాపి, "అది ఇలా ఇవ్వు. ఒక వారం నేను పెట్టుకుంటాను" అన్నారు. వారం తర్వాత పిలిచి ఆ అంకెలు చూపించారు. పాట పాడినప్పుడు ఆమె గుండె పరుగెత్తింది. ఆటోవాడితో కిరాయి గొడవ పడినప్పుడు మరీ పరుగెత్తింది. మనవరాలు ఫోన్ చేసినప్పుడూ అంతే. "చూశావా? బతికున్న గుండె గెంతుతుంది నాయనా. గెంతకపోతే నేను కంగారుపడాలి" అన్నారు. ఆపైన మృదువుగా, "గుండెకి డాక్టరు దగ్గరికి వెళ్లినవాడివి, భయానికి వెళ్లడానికి సిగ్గెందుకు?" అని నన్ను ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. గుండె జబ్బూ నిజమే, గుబులూ నిజమే, దేన్నీ అబద్ధమనకూడదు అన్నది ఆమె సిద్ధాంతం.

నవ్వు ఆమె సహజగుణమే గాని, ఎక్కడ నవ్వకూడదో ఆమెకు బాగా తెలుసు. ఒకసారి బ్యాడ్మింటన్ ఆడుతూ మా సహోద్యోగి ఒకడు స్పృహ తప్పాడు. లేచి కూర్చుని "పొద్దున తినలేదు, అంతే" అన్నాడు. ఆమె ముఖంలో హాస్యం మాయమైంది. "దడ అంటే నాతో జోకులేయండి. ఆడుతూ ఆడుతూ పడిపోతే మాత్రం నాతో వాదించకండి" అని అప్పటికప్పుడే అతణ్ని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. వంశపారంపర్యంగా వచ్చే ప్రమాదకరమైన లయదోషం బయటపడింది. అతని చెల్లెలికీ పరీక్ష చేయిస్తే ఆమెకూ ఉంది. ఇవాళ అన్నాచెల్లెళ్లిద్దరూ చికిత్సతో క్షేమంగా ఉన్నారు. ఆ తర్వాత డాక్టరమ్మ సెక్యూరిటీ వాళ్లనూ, డ్రైవర్లనూ, మమ్మల్నీ కూర్చోబెట్టి, మనిషి కుప్పకూలితే ఛాతీని ఎలా నొక్కాలో నేర్పించారు. లయ తప్పకుండా ఉండడానికి తానే ఎదురుగా నిలబడి కీర్తన పాడేవారు.

నా పెళ్లి విషయంలోనూ ఆమెదే పెద్దరికం. లావణ్యతో సంబంధం మాట్లాడుతున్నప్పుడు మా బంధువులు, "గుండె సంగతి చెప్పకుండ్రి, సంబంధం చెడిపోతది" అన్నారు. సువార్తమ్మ గారు, "నీకు నయమైంది. నయమైన సంగతి దాచడమెందుకు? ఆ అమ్మాయికి చెప్పు" అన్నారు. చెప్పాను. లావణ్య వెంటనే, "ఆ డాక్టరమ్మను నేనే అడుగుత" అంది. నేను సరేనన్నాక, ముగ్గురం వైద్యశాలలో కూర్చున్నాం. లావణ్య అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె ఓపికగా జవాబిచ్చారు. చివరికి లావణ్య కొంచెం సిగ్గుపడుతూ అడిగింది.

"డాక్టరమ్మా, మా బరాత్‌ల ఈయన డాన్స్ చేయొచ్చా?"

"గుండె తరఫున నేను హామీ ఇస్తానమ్మా. కాళ్ల తరఫున ఇవ్వలేను."

లావణ్య పకపకా నవ్వింది. పెళ్లికి ఒప్పుకున్నది ఆ నవ్వులోనే అని ఇప్పటికీ అంటుంది. బరాత్‌ ఊరేగింపులో డప్పు మోగగానే డాక్టరమ్మ గారు చెప్పులు విడిచి, మా అమ్మ చెయ్యి పట్టుకుని, నాకంటే ముందు అడుగేశారు.

అంత్యక్రియల రోజున సమాధుల తోట ఐడీ కార్డులు వేలాడే మెడలతో నిండిపోయింది. ఆఫీసుల నుంచి నేరుగా వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా నిలబడి ఆమె మాటలు చెప్పుకుంటూ, మధ్యలో ఆపుకోలేక నవ్వి, నవ్వినందుకు బిత్తరపోతున్నారు. దానియేలు గారు మా దగ్గరికి వచ్చి, "నవ్వండి బాబూ, నవ్వండి. ఇంట్లో నేనూ అదే చేస్తున్నాను, మధ్యమధ్యలో ఏడుస్తూ" అన్నారు.

అందరికీ ఎడంగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు అనూష, నల్లగొండ నుంచి కొత్తగా ఉద్యోగానికి వచ్చింది. అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఉంది. లావణ్య వెళ్లి పలకరించింది.

"సోమవారం రమ్మన్నరు అక్కా. 'ఫికర్ చేయకు, నేనున్నా' అన్నరు. ఇగ నేను ఎవరి దగ్గరికి పోవాలె?" అని ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు అనూషను మేమే గుండె వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాం. అన్ని పరీక్షలూ చేశారు. అప్పుడప్పుడు ఒక స్పందన తొందరపడి ముందే వస్తోందనీ, రక్తం తక్కువగా ఉందనీ, ప్రమాదం లేదనీ చెప్పారు. అనూష ముఖం మబ్బు వీడినట్టయింది. ఆకలి అంది. ముగ్గురం బిర్యానీ తింటుండగా అడిగింది.

"అక్కా, డాక్టరమ్మకు మీరు ఏమైతరు?"

లావణ్య ముద్ద కలుపుతూనే, క్షణం తడుముకోకుండా చెప్పింది.

"చుట్టాలం."

ఆ వైద్యశాలకు మరొకరు వస్తారు. సమర్థులే వస్తారు. అయినా ఆ ప్రసన్నమూర్తి కూర్చున్న చోటు మా వంటివాళ్లకు ఎన్నటికీ ఖాళీయే. రక్తసంబంధం లేకుండా మమ్మల్నందరినీ ఒకరికొకరిని చుట్టాలను చేసి వెళ్లిన సువార్తమ్మ గారికి, ఆమె చెవిన పడి నిమ్మళించిన ఇన్ని గుండెల తరఫున, చేతులెత్తి నమస్కరిస్తున్నాను.