ఏ ఎక్కంలోనూ పోని సంఖ్య

అశోక్‌నగర్‌లో నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్‌లో మొన్న ఒకమ్మాయి ఫోన్ చూపించింది. "సార్, 73939133. ఇది ప్రైమ్ నంబరంట. పరీక్షల అడుగుతరా?" అడగరని చెప్పి బోర్డు తుడిచాను. తర్వాతి క్లాసు కూర్చునే చెప్పాను.

ఆ సంఖ్య మా మేనత్తది. నారాయణగూడలో ఒక బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. చిక్కడపల్లిలో కిరాయి ఇంట్లో ఆమె దగ్గరే ఉండేవాణ్ణి. ప్రధాన సంఖ్య అనే మాట ఆమె నోట రాదు. "ఏ ఎక్కంల పోనిది" అనేది. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు. కుడివైపు నుంచి ఒక్కో అంకె చెరుపుతూ పోతే, చివరికి ఒంటి ఏడు మిగిలేదాకా ఏదీ ఏ ఎక్కంలోనూ పోదు. ఈ గుణమున్న వాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. వెనక ఇంకే అంకె తగిలించినా చెడిపోతుంది. ఒకటో ఏడో పెడితే మూడో ఎక్కంలోనే దొరికిపోతుంది. నా షార్ట్‌కట్ పద్ధతులంటే ఆమెకు నవ్వు. "మీరు లెక్కలు చెప్తలేరు, గోడ దుంకుడు నేర్పుతున్నరు" అనేది.

రెండు వేల పన్నెండు ప్రాంతంలో ఆమెకు మరుపు మొదలైంది. స్టవ్ మీద పాలు మాడేవి. ఇంట్లో ట్యూషన్‌కు వచ్చే పిల్లల గురించే ఆమె బెంగంతా. "రోజూ నేను ఈ నంబరు చెప్త, ఒక్కో అంకె తీసుకుంట. జర విను. తప్పు పోతే మొఖమాటం లేకుంట చెప్పు. ఆ రోజే ట్యూషన్ బంద్. పిల్లలకు తప్పు చెప్పొద్దురా" అంది.

అవి తెలంగాణ ఉద్యమపు బంద్‌ల రోజులు. ఉద్యోగాల నోటిఫికేషన్లు రావు, పోయిన క్లాసులన్నీ మిగిలిన రోజుల్లో కుక్కేవారు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కూలబడేవాణ్ణి. ఒక సాయంత్రం ఆమె "ఏడు కోట్ల ముప్పై తొమ్మిది వేల" అంది. పక్కపక్కన ఉన్న రెండు ముప్పై తొమ్మిదుల్లో ఒకటి, లక్షలతో సహా జారిపోయింది. స్పష్టంగానే విన్నాను. చెబితే ఆమె ముఖం చూడాలి, సముదాయించాలి. ఆ ఓపిక లేదు. "కరెక్టే అత్తమ్మా" అన్నాను. అదే అలవాటైంది. దానికి జాలి అని పేరు కూడా పెట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఒక తల్లి గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, తొంభై ఒకటి ఏ ఎక్కంల పోదని చెప్పిండ్రంట. బడిల సారు అందరి ముంగట మా బిడ్డను నిలబెట్టిండు."

అత్త పెదవులు కదుపుతూ చాలాసేపు ఆలోచించింది. "ఏడు పదమూళ్లు తొంభై ఒకటి" అని మెల్లగా అని, "తప్పు నాదేనమ్మా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నిన్న గూడ కరెక్టే అన్నవ్ గదరా?"

మర్నాటి నుంచి ట్యూషన్ లేదు. ఆ సాయంత్రం క్షమించమని అడగబోతే కంచం ముందుకు జరిపింది. "తిను. అలసిపోయి వస్తున్నవ్, నాకు తెల్వదా?" మళ్లీ ఎప్పుడూ నన్ను ఏదీ వినమనలేదు.

ఆమె పోయి ఏళ్లయింది. ఆనాటి అలసట ఏ రోజుది ఆ రోజే తీరిపోయింది. ఆమె తప్పు దిద్దకుండా మిగుల్చుకున్న ఆ కాస్త సమయాన్ని దేనికి వాడుకున్నానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.