డీలో దాచిన ఊపిరి

మా ఊళ్లో కంప్యూటర్లకు చీర కట్టేవాళ్లం. నవ్వకండి. బస్తర్‌లో ఇనుప గని కొండ కింద కాపురం ఉన్నవాళ్లకు ఎర్ర దుమ్ము సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఇటుక రంగుకు వస్తుంది. అన్నంలో ఉంటుంది, తలదిండు కింద ఉంటుంది, కంప్యూటరు కడుపులో మరీ ఎక్కువగా ఉంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనానికి లేచినా, సాయంత్రం ఇంటికి బయల్దేరినా ప్రతి ఆఫీసులో ఒకటే తంతు. మెషీన్ ఆపడం, గోడ దగ్గర ప్లగ్గు పీకడం, పాత చీరముక్కతో కుట్టిన ముసుగు తొడగడం. డిస్పెన్సరీ కంప్యూటరుది ఆకుపచ్చ వెంకటగిరి చీర. జరీ అంచు కూడా ఉండేది.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఫిట్టరుగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేను ఆ దుమ్ములోనే పెరిగి, ఆ గని ఆఫీసులోనే కంప్యూటర్ల సెక్షన్‌లో చేరాను. సెక్షన్ అంటే నేనూ, ఒక కుర్చీ, నా పైన ఒక ఆఫీసరు. నా పనుల్లో ముఖ్యమైనది బ్యాకప్. ఊళ్లో ఉన్న కంప్యూటర్లన్నిట్లోని ఫైళ్లకు నకలు తీసి, దూరంగా హెడ్డాఫీసులో ఉన్న సర్వరులో దాచే సాఫ్ట్‌వేరు ఒకటి మాకు పంపారు. తెర మీద కంప్యూటర్ల జాబితా ఉంటుంది. నకలు సరిగ్గా పడితే పేరు పక్కన పచ్చ టిక్కు, పడకపోతే ఎర్ర గుర్తు. ప్రతి సోమవారం నేను ఆ జాబితా ప్రింటు తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టేదాన్ని. రెండేళ్లపాటు అన్నీ పచ్చగానే ఉన్నాయి. నాకు భలే గర్వంగా ఉండేది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని అప్పటికి తెలియదు.

తెలియజేసింది ఒక లోడింగ్ కార్మికుడు. ఆయనది తెలంగాణ సరిహద్దులోని పల్లె. మూడెకరాల పొలం చేసుకుంటూనే ఏళ్ల తరబడి గనిలో రాయి ఎత్తాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. ఆ ఏడు వానలు మొదలవుతుండగా డిస్పెన్సరీ సిస్టరమ్మ వెంట నా గదికి వచ్చాడు. మా వరండాకు మూడే మెట్లు. ఎక్కి వచ్చి, స్తంభం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాకగానీ ఆయనకు మాట రాలేదు.

విషయం ఇది. వానాకాలం వెళ్లాక జగదల్‌పూర్‌లో వైద్య బోర్డు కూర్చుంటుంది. ఆయన ఊపిరితిత్తుల జబ్బు గని దుమ్ము వల్ల వచ్చిందని బోర్డు రాస్తే బతికినన్నాళ్లూ గని ఆసుపత్రిలో వైద్యం చేస్తారు. చుట్ట తాగి తెచ్చుకున్న జబ్బు అని రాస్తే ఇంటికి పొమ్మంటారు. గనిలో చేరిన దగ్గర్నుంచి ఆరునెలలకోసారి గొట్టంలోకి ఊదించి రాసిన ఊపిరి పరీక్షలే ఆయనకున్న సాక్ష్యం. తొమ్మిదేళ్ల పరీక్షలు. కాగితం రిజిస్టరు డిస్పెన్సరీ కప్పు కారి ముద్దయిపోయింది. మిగిలింది సిస్టరమ్మ కంప్యూటరులో ఎక్కించుకున్నదే.

"చుట్ట తాగేది మా ఇంటిది. ఊపిరి పోయింది నాది" అన్నాడాయన. "గీ ముచ్చట బోర్డోళ్లకు ఎట్ల జెప్పాలె, చెల్లె?"

ముందే ప్రింటు తీసి ఇచ్చేస్తే పోయేది కదా అంటారు. చెల్లదు. బోర్డుకు వెళ్లే వారంలో డాక్టరు కంప్యూటరులో చూసి, తీయించి, సంతకం పెట్టిన కాగితమే పనికొస్తుందని బోర్డు నుంచి వచ్చిన ఉత్తరంలో రాసి ఉంది. కాబట్టి అప్పటిదాకా ఆ కంప్యూటరు బతికి ఉండాలి.

"గా డబ్బా చెడిపోతే ఏంది గతి?" అని అడిగాడు.

నేను పెద్ద మొనగత్తెలా నవ్వి, "నీకెందుకన్నా భయం, దాని నకలు ఇంకోచోట భద్రంగా ఉంది. చూపిస్తా రా" అని తెర అటు తిప్పాను. డిస్పెన్సరీ పేరు పక్కన పచ్చ టిక్కు నిగనిగలాడుతోంది. దాన్ని నొక్కి, దాచిన నకలు తెరిచాను. అందులో ఒక్క బొమ్మ ఉంది. గులాబీ పువ్వు మీద మంచు బొట్టు. రెండేళ్లుగా మేము హెడ్డాఫీసులో అంత భద్రంగా దాచింది ఆ గులాబీని.

"ఇది నా ఊపిరా, చెల్లె?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎందుకలా జరిగిందో సిస్టరమ్మను రెండు మాటలు అడగ్గానే తేలిపోయింది. ఆమెది కేరళ. తెలుగు రోగుల దగ్గర నేర్చుకుంది కనుక, తెలంగాణ సరిహద్దున ఉన్న కుంట వైపు తెలుగు మాట్లాడేది. "నేను అంత డీల పెడత. సీల పెడితే పోతది గద!" అంది. మా ఊరంతటికీ అదే వేదం. కంప్యూటరు చెడితే జగదల్‌పూర్ నుంచి బస్సెక్కి ఒక మెకానిక్ వచ్చేవాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే, ఫార్మాట్. ఫార్మాట్ కొడితే సీ డ్రైవులో ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, డీ డ్రైవుకు ఏమీ కాదు. రెండు మూడుసార్లు చేతులు కాల్చుకున్నాక, సీ పోతుంది డీ ఉంటుంది అని అందరూ ఒంటబట్టించుకున్నారు. పిల్లల ఫోటోలు, సెలవు చీటీలు, ఊపిరి పరీక్షలు అన్నీ డీలోకి చేరాయి. సీలో గులాబీలే మిగిలాయి. హెడ్డాఫీసు వాళ్లేమో, అందరూ సీలోని డాక్యుమెంట్స్ ఫోల్డరులోనే దాచుకుంటారనుకుని, ఆ ఒక్కదానికే నకలు తీసేలా అమర్చి పంపారు. సాఫ్ట్‌వేరు తనకు చెప్పింది చేసింది, పచ్చ టిక్కు పెట్టింది. నేను ఆ టిక్కును నమ్మాను. రెండేళ్లు! ఆ రోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

మందు చిన్నదే. జాబితాలో ఏ కంప్యూటరు పేరు నొక్కినా దాని సెట్టింగుల కిటికీ తెరుచుకుంటుంది. అన్నిటికంటే పైన ఒక బుల్లి గడి, 'గ్రూపు సెట్టింగులే వాడు' అని. అందులో టిక్కు తీసేస్తే ఆ కంప్యూటరు గుంపులోంచి బయటికి వచ్చి నిలబడుతుంది. ఏ ఫోల్డరు దాచాలి, ఏ వేళకు దాచాలి, పాత నకళ్లు ఎన్ని ఉంచాలి, అన్నీ దానికి విడిగా చెప్పుకోవచ్చు. నేను టిక్కు తీశాను. డీ డ్రైవు చేర్చాను.

మర్నాడు ఆఫీసరు పిలిచారు. మంచివారే. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం.

"మేడమ్, నియమ్ సబ్‌కే లియే ఏక్ హై. రూలు అందరికీ ఒకటే. ఒక్క మెషీన్‌కి వేరే సెట్టింగ్ ఎందుకు?"

"దాని బతుకు వేరు కాబట్టి సార్."

"రిపోర్టులో గ్రీన్ ఉంది కదా?"

"గులాబీ పువ్వుకు గ్రీన్ వచ్చింది సార్."

ఆయనకు అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఇష్టం లేదో. నేను తిరిగి కుర్చీలో కూర్చునేసరికి టిక్కు మళ్లీ పెట్టి ఉంది. నేను తీశాను. సాయంత్రం ఆయన పెట్టారు. పొద్దున నేను తీశాను. నాలుగు రోజులు ఈ వైకుంఠపాళి నడిచాక ఐదో రోజు నా బల్ల మీద మెమో ఉంది. 'ఆదేశాలకు విరుద్ధంగా సెట్టింగులు మార్చినందుకు సంజాయిషీ ఇవ్వండి, ఇకపై చేయనని రాసివ్వండి' అని. కింద గడువు. మెమో మడిచి పర్సులో పెట్టుకున్నాను. వెళ్లి టిక్కు తీశాను. ఈసారి ఎందుకో ఆయన మళ్లీ పెట్టలేదు. మెమో ఇచ్చేశాం కదా, దారికి వస్తుంది అనుకున్నారేమో.

టిక్కు తీస్తే సరిపోలేదు. మా లైను నత్త నడక. డీ మొత్తం పంపబోతే మధ్యాహ్నానికి సగం కూడా కదల్లేదు. ఒంటిగంటకు సిస్టరమ్మ అలవాటు ప్రకారం ప్లగ్గు పీకి చీర కట్టేసింది. సగంలో ఆగితే ఆ ఫోల్డరు మళ్లీ మొదటి నుంచే. రెండు రోజులు అలాగే వృథా అయ్యాయి. అప్పుడు కూర్చుని ఆ కంప్యూటరు దినచర్య రాసుకున్నాను. ఎప్పుడు వెలుగుతుంది, ఎప్పుడు రోగులు పలచబడతారు, ఏ ఫోల్డరు ఎంత బరువు. మొదట ఊపిరి పరీక్షలు ఒక్కటే, ఏడాదికో ఫోల్డరుగా విడదీసి, రోజుకు రెండు మూడు చొప్పున తొమ్మిదింటికి మొదలయ్యేలా పెట్టాను. ఎక్స్‌రే బొమ్మలు ఆ తర్వాతి రోజులకు వాయిదాలుగా వేశాను.

"భోజనానికి ఆపొద్దు సిస్టరమ్మా" అని బతిమాలాను.

"దుమ్ము లోపలికి పోతది. మల్ల నన్నే అంటరు" అంది.

"ముసుగు ఉంచు, ప్లగ్గు పీకొద్దు."

"చీరలో ఉడికి సస్తది అది!"

నిజమే. అందుకని వరసగా నాలుగు మధ్యాహ్నాలు నేను నా క్యారియరు పట్టుకుని డిస్పెన్సరీకి వెళ్లాను. ఒక చేత్తో పెరుగన్నం తింటూ, ఇంకో చేత్తో ఎక్స్‌రే కవరు పట్టుకుని, ఆకుపచ్చ వెంకటగిరి చీర అంచు ఎత్తి కంప్యూటరుకు విసిరాను. పెళ్లికూతురికి విసిరినట్టు విసిరాను. వచ్చిన రోగులు గోండీలో, హల్బీలో ఏవో అనుకుని నవ్వారు. నవ్వనీ. నాలుగో రోజు తొమ్మిదేళ్ల ఊపిరి చివరి ఫైలు దాకా వెళ్లిపోయింది. ఈసారి టిక్కును నమ్మలేదు. నకలు తెరిచి, లోడింగ్ అన్న పేరు వెతికి, మొదటి పరీక్ష నుంచి చివరిదాకా కళ్లతో చూసుకున్నాకే లేచాను. వరసగా చూస్తే తెలిసిపోయింది. మొదట్లో గొట్టం నిండా ఊదిన మనిషి, ఒక్కో ఆరునెలలకూ కొంచెం కొంచెం తగ్గిపోతూ వచ్చాడు. ఎక్కడా పెరిగింది లేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

పిడుగు శ్రావణంలో పడింది. డిస్పెన్సరీ వెనక స్తంభం మీద. పట్టపగలు, రోగులున్న వేళ కాబట్టి ప్లగ్గు పెట్టే ఉంది. మెకానిక్ బస్సెక్కి వచ్చి, మూత తీసి, వాసన చూసి, "సీ పోయింది, డీ కూడా పోయింది" అన్నాడు. ఆయన నోట ఆ రెండో మాట మా ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. సిస్టరమ్మ కుర్చీలో కూలబడింది.

కొత్త డిస్కు జగదల్‌పూర్ నుంచి రావడానికి వారం పట్టింది. వచ్చాక జాబితాలో డిస్పెన్సరీ పేరు నొక్కి, పిడుగుకు ముందురోజు తేదీ ఎంచి, వెనక్కి రప్పించమన్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుక్క చుక్కగా వచ్చింది. సిస్టరమ్మ రోగుల మధ్య మధ్యలో వచ్చి, "వచ్చిందా? వచ్చిందా?" అని అడిగేది. వచ్చింది. అంతా డీలోకే దింపాను. ఆ ఊళ్లో ఇంకెక్కడ దింపినా నన్ను బతకనివ్వరు.

ఆఫీసరు వచ్చి చూశారు. సంతోషించారు కూడా. "బహుత్ అచ్ఛా. హెడ్డాఫీసు పాలసీ పనిచేసిందని రిపోర్టు రాయండి. ఆ టిక్కు మళ్లీ పెట్టేయండి, మెమో నేను మూసేస్తాను" అన్నారు.

అప్పటికి మెమో గడువు దాటి నెల అయింది. ఆ సాయంత్రం జవాబు రాసిచ్చాను. 'పాలసీ ప్రకారం దాచినది ఒక గులాబీ పువ్వు. దాని ప్రింటు జతచేశాను. పాలసీకి విరుద్ధంగా దాచినవి డిస్పెన్సరీ ఫైళ్లన్నీ. వాటిని ఇప్పుడు డిస్పెన్సరీలో చూడవచ్చు. ఇకపై చేయనని రాసివ్వలేను. ఇకపై మిగతా కంప్యూటర్లకు కూడా చేస్తాను.' ఉద్యోగం పోతే ఆ కొండ కింద నాకు ఇంకో పని లేదు. అయినా సంతకం పెట్టాను. నా సర్వీసు పుస్తకంలో ఆ ఏడాది ఒక హెచ్చరిక ఎక్కింది. ఇప్పటికీ ఉంటుంది. ఉండనీ.

అన్నట్టే చేశాను. ఒక్కో ఆఫీసుకు వెళ్లి, ఒక్కో కంప్యూటరు ముందు కూర్చుని, "మీరు ఎక్కడ దాచుకుంటారు? ఎప్పుడు చీర కడతారు?" అని అడిగి, ఒక్కోదానికి విడిగా అమర్చాను. ఆఫీసరు నాతో మాట్లాడటం మానేశారు. పని త్వరగా అయింది.

డాక్టరు సంతకం పెట్టిన కాగితాలు పట్టుకుని బోర్డుకు వెళ్లిన లోడింగ్ అన్న దసరా దాటాక వచ్చాడు. మూడు మెట్లు ఎక్కి, స్తంభం పట్టుకుని, ఊపిరి అందాక కాగితం తీసి నా చేతికిచ్చాడు. బోర్డు కాగితం. గని దుమ్ము వల్ల వచ్చిన జబ్బు అని హిందీలో రాసి, ముద్ర వేసి ఉంది.

"ఇది గూడ గా డీల ఎయ్యి, చెల్లె. నా ఎనకొచ్చేటోనికి పనికొస్తది" అన్నాడు.

వేశాను. "దీన్ని కాపాడింది ఏందో చూస్తావా అన్నా?" అని సెట్టింగుల కిటికీ తెరిచి, పైనున్న ఖాళీ గడి చూపించాను. దాని కోసమే నాకు మెమో ఇచ్చారని చెప్పాను. ఆయన ముఖం తెరకు దగ్గరగా పెట్టి వెతికి వెతికి చూశాడు.

"గింతేనా? చీమ తలకాయంత లేదు. దీనికా నీకు కాగితం ఇచ్చిన్రు?"

అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. నేను నీళ్లు పట్టుకుని పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి గానీ ఆగలేదు. ఆగాక నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆ గడి వంక చూసి, "అట్లనే ఉండనియ్" అన్నాడు.