కమల కడిగిన రీలు

హనుమకొండ చౌరస్తాలో వెంకట్రాజం ఫోటో స్టూడియోకు మంచి పేరుండేది. ఆ పేరులో సగం ఆయన భార్య కమలది. ఆ సంగతి బోర్డు మీద ఎవరూ రాయలేదు, రాయమని ఆమె అడగనూ లేదు. డెబ్బై ఒకటిలో పెళ్ళయి వచ్చిన పిల్ల, ఏడాది తిరక్కుండానే వెనక చీకటి గదిలో రీళ్ళు కడగడం నేర్చింది. మందు ఎంత కలపాలి, ఎన్ని నిమిషాలుంచాలి, ఎండాకాలం నీళ్ళలో ఎంత ఐసు వేయాలి, అన్నీ చేతికొచ్చేశాయి. పదమూడేళ్ళలో ఒక్క రీలు చెడగొట్టిన పాపాన పోలేదు. ఆమెకున్న గర్వం అదొక్కటే.

ఎనభై నాలుగులో వెంకట్రాజం దుబాయి నుంచి వచ్చిన ఒకతని దగ్గర జూమ్ లెన్సు కొన్నాడు. నిలబడ్డ చోటు నుంచి కదలకుండా లాగితే చాలు, దూరంగా ఉన్న మొహం దగ్గరికొచ్చేస్తుంది. ఇక ఆయన్ను పట్టేవాళ్ళు లేరు. పెళ్ళిళ్ళలో పందిరి గుంజకు ఆనుకుని లాగడమే లాగడం.

అప్పటి నుంచే రీళ్ళలో తేడా మొదలైంది. గుంపుగా తీసినవి బాగుండేవి. దగ్గరికి లాగి తీసిన మొహాలు మాత్రం నెగెటివ్ మీద పల్చగా, పట్టీపట్టనట్టు పడేవి. కమల ముందు తననే అనుమానించుకుంది. మందు మార్చింది, గడియారం మార్చింది. అయినా అంతే. ఒకే రీలు, ఒకే మందు. తప్పు మందుదైతే రీలంతా పాడవ్వాలి కదా, ఏరుకుని మరీ మొహాలే ఎందుకు పాడవుతాయి?

ఒక మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే లెన్సు చేతిలోకి తీసుకుని చూసింది. మూతి చుట్టూ రెండు అంకెలు చెక్కి ఉన్నాయి, నాలుగు ఒకటి, ఐదు పాయింటు ఆరు ఇంకొకటి. పాత లెన్సు మీద వెలుగు కొలతగా ఒక్కటే ఉండేది. దండెం మీద తెల్ల దుప్పటి ఆరేసి, మిగిలిన రీలు ముక్క మీద లెన్సు లాగకుండా ఒకటి, పూర్తిగా లాగి ఒకటి తీసింది. ఇంకేదీ ముట్టుకోలేదు. నెగెటివ్ మీద తెలుపు నల్లగా పడుతుంది; కడిగి చూస్తే మొదటిది నల్లగా, నిండుగా ఉంది. రెండోది వెలిసిపోయినట్టుంది. లాగేకొద్దీ ఈ లెన్సు వెలుగును మింగేస్తోంది, పూర్తిగా లాగితే సగమే లోపలికి రానిస్తోంది. అలా లాగినప్పుడల్లా వెలుగును రానిచ్చే రింగును ఇంకో అంకె ఎక్కువ తెరిస్తే సరిపోతుంది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ముక్క తీసుకెళ్ళి మొగుడికి చూపించింది. మహానుభావుడు దాన్ని వెలుగుకు పట్టి చూడనైనా లేదు. రెండో అంకె కంపెనీవాళ్ళ గుర్తట. ఇరవై ఏళ్ళుగా కెమెరా పట్టినవాడికి చీకట్లో రీళ్ళు పిండే ఆడమనిషి పాఠం చెప్పడమేమిటట.

"నేను తీస్త, నువ్వు కడుగు. ఎవరి పని వాళ్ళు చేస్తె ఇల్లు సక్కగుంటది," అన్నాడు.

ఆ ఏడే రఘునాథపల్లిలో మొగిలమ్మ అనే కూలి మనిషి కూతురి పెళ్ళికి ఫోటోలు తీయడానికి వెళ్ళాడు. మొగిలమ్మ మొగుడు రాజమల్లు మంచం పట్టి లోపలి గదిలో ఉన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి ఫోటో దిగినవాడు కాదు. ఆయన మొహం ఒక్కటి తీయమని మొగిలమ్మ బతిమాలింది. గది నిండా పెళ్ళి సామాను. వెంకట్రాజం గడపలోనే నిలబడి, లెన్సు పూర్తిగా లాగి, పాత లెక్కకే ఫ్లాషు కొట్టి బయటికొచ్చాడు. ఫోటోలు ఇంకా చేతికి రాకముందే, ఇరవై రోజులకు రాజమల్లు పోయాడు.

ఆ నెగెటివ్ మీద మొహం దాదాపు పడనే లేదు. కమల ఉన్న ఫోటో కాగితాలన్నిటి మీదా ప్రింటు వేసి చూసింది. రీలు మీద పడని వెలుగును ఎక్కడి నుంచి తెస్తుంది? పొగచూరిన గోడ, దుప్పటి అంచు, మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. మొగిలమ్మ ఆ ఫోటో పట్టుకుని కౌంటరు ముందు కూలబడితే, వెంకట్రాజం తడుముకోకుండా అన్నాడు.

"మా ఆమె మందు పల్చగ కలిపిందమ్మా. ఏం జేస్తం."

కమల చీకటి గది తెర తొలగించుకుని బయటికొచ్చేసరికే మొగిలమ్మ శాపనార్థాలు మొదలయ్యాయి. నీ చేతులిరుగ, నా పెనిమిటి మొహం కడిగి పారబోస్తివి గదనే, అని. కమల నోరు తెరవబోతే మొగుడు ఉరిమి చూశాడు. ఆ తర్వాత గిరాకీలు కూడా కౌంటరు దగ్గరే చెప్పడం మొదలుపెట్టారు, మా రీలు జర మీరే కడుగుండ్రి, ఆమెకియ్యకుండ్రి అని. ఆమె ఒంటికి నిప్పంటించినట్టుండేది.

ఎనభై ఆరులో ఫిల్ము కంపెనీ ఏజెంటు రాజేశ్వర్ రావు దుకాణానికొచ్చి, చాయ తాగుతూ ఆ లెన్సు తిప్పి చూశాడు. దీన్ని లాగితే సగం వెలుగు పోతుంది, తెలుసు కదా, అన్నాడు. ఎందుకు తెల్వదు సార్, అన్నాడు వెంకట్రాజం. మరుసటి వారం నుంచి మొహాలు నిండుగా రాసాగాయి. కమలతో ఒక్క మాట అనలేదు. మొగిలమ్మకైనా నిజం చెప్పమని ఆమె అడిగితే, అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతవ్ అన్నాడు.

సరే, నేనే చెప్తానని కమల బయల్దేరింది. మొగుడు పోయాక మొగిలమ్మ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరపకాయలు ఏరే కూలికొచ్చిందని విన్నది. తాలు కాయల కుప్ప ముందు దొరికింది. కమల మిరప ఘాటుకు దగ్గుతూనే లెన్సు సంగతి, రెండంకెల సంగతి, దుప్పటి సంగతి అంతా చెప్పింది. తన చేతిలో తప్పు లేదంది. మొగిలమ్మ చేతులు ఆగలేదు.

"రెండేండ్లకొచ్చి మొగని మీద ఏస్తున్నవా? నీ తప్పుకు ఆయన మా ఇంటికొచ్చి చేతులు జోడిచ్చిండు. నా బిడ్డ ముందట ఏడ్సిండు. నువ్వొచ్చినవా?"

మొగుడు వాళ్ళింటికి వెళ్ళిన సంగతే కమలకు తెలియదు. అంటే ఆయన అబద్ధం కౌంటరు దగ్గర ఆగలేదు, బస్సెక్కి వెళ్ళి మరీ కన్నీళ్ళు పెట్టుకుంది. ఇంకేం చెప్పినా ఈమె వినదని అర్థమైంది. రెండేళ్ళుగా మొగిలమ్మ ఎదురుచూస్తున్నది నిజం కోసం కాదు, కడిగిన మనిషి వచ్చి క్షమించమని ఒక్క మాట అడగడం కోసం. కమలకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది.

"తప్పయింది అక్కా," అంది చేతులు జోడించి. "మందు నేనే పల్చగ కలిపిన."

మొగిలమ్మ చేతులు ఆగాయి. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, పక్కకు జరిగి, గోనెసంచి మీద చోటు చూపించి కూర్చోమంది.