ముగ్గురు కుట్టే బొంత

మా కింది వాటాలో ఉండే ఆవిడను వీధిలో అందరూ బొంతలమ్మ అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఆమెకు మాత్రం అది నచ్చింది. "పిలిచేవాళ్లకి నోరు తిరిగితే చాలు" అంటుంది.

బొంతలు కుట్టడం ఆమెకు అత్తగారు నేర్పారు. అత్తగారికి ఇప్పుడు కళ్లు మసకలు. అయినా కుట్టిన చోట వేలితో తడిమి, "ఇక్కడ కుట్టు ఎడమైంది, విప్పు" అని చెప్పగలదు. పెద్ద బొంత మొదలుపెడితే ముందుగది నేలంతా అదే పరుచుకుంటుంది. ఇంట్లోవాళ్లు గోడ వారగా ఒంటికాలి మీద నడవాల్సిందే. బస్సు డ్రైవరైన ఆమె భర్త డ్యూటీ నుంచి వచ్చి గడపలోనే నిలబడి, "నా ఇంట్లో నేను గోడ పట్టుకుని నడవాలా?" అనేవాడు. "గోడ నీదేగా, పట్టుకో" అనేది తల్లి.

బొంతలమ్మకు ఇద్దరు స్నేహితురాళ్లు. ఒకామె పెద్దవీధిలో బట్టలు కుట్టే టైలరక్క. పదిహేనేళ్ల కిందట బొంతలమ్మ మొహమాటపడుతూ ఆ కొట్టుకి వెళ్లి, పారేసే పీలికలుంటే ఇమ్మని అడిగింది. "పారేసేవి ఎందుకే, మంచివి ఏరి పెడతాను. వారానికోసారి వచ్చిపో" అంది టైలరక్క. ఆ వారానికోసారి రోజూ అయింది. బొంతలమ్మ కూతుళ్లిద్దరూ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తారు. రెండో ఆమె ఆసుపత్రిలో నర్సు. వీళ్లిద్దరికంటే చిన్నది. నోరు మాత్రం ఇద్దరికంటే పెద్దది.

ఏడాది చివర్లో వచ్చే సెలవుల్లో ఏటా ముగ్గురూ కలిసి ఒక బొంత కుట్టడం అలవాటు. మధ్యాహ్నాలు ముగ్గురూ మూడు అంచుల దగ్గర కూర్చుని నడిమికి కుట్టుకుంటూ వస్తారు. కుట్టు నడిమికి చేరేసరికి ఊళ్లో సంగతులన్నీ అయిపోతాయి. అయిపోకపోతే నర్సు రెండు కల్పిస్తుంది. పూర్తయిన బొంత వంతులవారీగా ఒక్కో ఇంటికి. కిందటేడు వంతు టైలరక్కది. ఆమె భర్త ఎలక్ట్రీషియను. మొదటిరోజే వచ్చి ముక్కలన్నీ తిరగేసి, "చెల్లెమ్మా, నాకు ఎరుపూ పచ్చా నీలం అన్నీ పడాలి, వైర్లలాగా. లేకపోతే నిద్రపట్టదు" అన్నాడు. "వైర్లు కలిపితే మంట లేస్తుంది బావగారూ" అంది ఆమె. "లేవనీ, చలికాలమేగా" అన్నాడు.

సెలవులు మొదలై నాలుగో రోజు. పొద్దున పది దాటింది. బొంతలమ్మ టైలరక్క కొట్లోనే ఉంది. పక్క కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు. మార్కెట్టు మలుపులో నిచ్చెనకి బస్సు తగిలిందనీ, పైనున్న మనిషి పడిపోయాడనీ, ఆసుపత్రికి తీసుకెళ్లారనీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఆ ఉదయం మలుపు స్తంభాలకి పండగ దీపాలు కడుతున్నది ఎవరో టైలరక్కకి చెప్పక్కర్లేదు. కత్తెర బల్ల మీద పడేసి లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. బొంతలమ్మే కొట్టు తలుపు లాగి, దొరికిన బండి ఎక్కించి, దారి పొడవునా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఏం కాదక్కా. బావగారు కోతిలాంటివారు. ఎన్నిసార్లు పడలేదూ?"

"ఎవడే ఆ డ్రైవరు? కళ్లు నెత్తి మీద పెట్టుకుని నడిపాడా?"

"దొరికితే నేనే చొక్కా పట్టుకుంటా, చూడు" అంది బొంతలమ్మ.

ఆసుపత్రి వరండాలో నర్సు ఎదురొచ్చింది. బావగారిని లోపలికి తీసుకెళ్లారంది. ప్రాణానికి ఫరవాలేదంది. ఆ తర్వాత బొంతలమ్మ వైపు చూసి ఆగిపోయింది. ఆ నోటికి మాట తడుముకోవడం అదే మొదటిసారి.

"ఏమిటే? చెప్పు" అంది బొంతలమ్మ.

"అక్కా... ఆ బస్సు మీ ఆయనదే."

టైలరక్క చెయ్యి ఇంకా బొంతలమ్మ చేతిలోనే ఉంది. విదిలించలేదు. నెమ్మదిగా, ఒక్కో వేలూ జారుకుంటూ ఆ చెయ్యి విడిపోయింది. తర్వాత ఆ విషయం నాకు చెప్పేటప్పుడు బొంతలమ్మ తన అరచెయ్యి వైపే చూస్తూ, "విదిలించినా బాగుండేదండీ" అంది.

డ్రైవరు సాయంత్రానికి ఇంటికి వచ్చాడు. పోలీసులు అడిగారు, డిపోవాళ్లు అడిగారు, చెప్పిందే చెప్పాడు. విచారణ తేలేదాకా బస్సు ఎక్కవద్దన్నారు. ఇరవై రెండేళ్లలో ఒక కుక్కపిల్లకి కూడా బస్సు తాకించని మనిషి. ముందుగది గడప దగ్గర నిలబడి, నేల మీద పరిచి ఉన్న బొంతను చూసి లోపలికి రాలేకపోయాడు. ఆమె ఒక అంచు మడిచి దారి చేసింది.

"అద్దంలో చూశానే. మలుపు తిప్పే ముందు చూశాను. లేడు. నిచ్చెన అవతలి స్తంభానికుంది. నేను తిప్పేలోపల ఇటు మార్చుకున్నట్టున్నాడు. ముందు భాగం దాటిపోయింది. వెనక భాగం బయటికి తిరుగుతుంది కదా, అది తగిలింది." గోడ వారగా చతికిలబడి, "నిచ్చెన కింద పట్టుకునే మనిషి లేడు" అన్నాడు. మళ్లీ వెంటనే, "ఆ మాట నేను అనకూడదు" అన్నాడు.

ఏటా సెలవుల్లో అతనికి ఊపిరాడనంత డ్యూటీ. జనమంతా ఊళ్లు తిరిగేది అప్పుడే. ఎనిమిదేళ్ల చిన్నకూతురికి, సెలవుల్లో నాన్న పొద్దున్నే ఇంట్లో కనబడటం అదే మొదలు. ఎగిరి గంతేసింది. "నాన్న ఈసారి ఇంట్లోనే! రోజూ ఇంట్లోనే!" అని మా మేడ మీదికి కూడా వచ్చి చెప్పింది. కాలేజీలో చదివే పెద్దది దాన్ని రెక్క పట్టుకుని లాక్కుపోయింది. మర్నాటికి చిన్నదానికీ తెలిసింది. అప్పట్నుంచి అది తండ్రి పక్కన కూర్చుని, ఆడుకుందామని అడగకుండా, బొమ్మల పుస్తకం ఊరికే తిరగేసేది.

రెండోరోజు బొంతలమ్మ క్యారేజీ కట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. వార్డు బయట టైలరక్క తోడికోడలు అడ్డం నిలబడింది. "ఏ మొహం పెట్టుకుని వచ్చావు? మీ ఆయన పంపాడా, మెత్తబరచమని?" గొంతు విని టైలరక్క తలుపు దగ్గరికి వచ్చింది. ఒక్క రోజులో చిక్కిపోయింది. తోడికోడల్ని లోపలికి పంపింది.

"క్యారేజీ తీసుకెళ్లిపో."

"అక్కా, నన్ను తిట్టు. కొట్టు. ఆయన్నేమైనా అను, నేను పడతాను."

"నీమీద కోపం లేదే. మరిదిగారు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు." టైలరక్క గోడకి ఆనుకుంది. "కానీ నిన్ను చూస్తే నాకు ఆ బస్సే కనిపిస్తోంది. నువ్వెదురుగా ఉంటే ఏడవడానికీ కుదరట్లేదు, నువ్వు బాధపడతావేమో అని. ఆ పని కూడా నేనే చెయ్యాలా ఇప్పుడు? రాకు. కొన్నాళ్లు రాకు."

క్యారేజీ ఎలా తీసుకెళ్లిందో అలాగే తెచ్చింది. ఇంట్లో డిపో యూనియన్ పెద్ద కూర్చుని ఉన్నాడు. మంచి మనిషే. డ్రైవరు మేలు కోరే వచ్చాడు. "అమ్మా, మీరు ఆసుపత్రికి వెళ్లొద్దు. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టే రాస్తారు. ఇతన్నీ వెళ్లనివ్వకండి. విచారణలో నిచ్చెన రోడ్డు మీదుందనే మాట గట్టిగా చెప్పాలి."

"గట్టిగా అంటే?" అన్నాడు డ్రైవరు.

"తప్పు అతనిదే అని."

డ్రైవరు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

అటు చూస్తే అక్క రావద్దంది, ఇటు చూస్తే ఈయన వెళ్లొద్దన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బొంతలమ్మకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. బొంత సగంలో ఆగింది. టైలరక్క అంచు వైపు ఆమె గుచ్చి వదిలిన సూది అలాగే ఉంది. ముందుకు కుడదామంటే ఎవరికోసం? తీసేద్దామంటే చెయ్యాడలేదు. అత్తగారు తడుముతూ వచ్చి, కాలికి బొంత తగిలి ఆగింది. "మడిచి పెట్టమ్మాయ్. పిల్లలకి సూది గుచ్చుకుంటుంది." కోడలు కదలకపోతే, ఆమే వంగి, గుడ్డిగా వెతికి, సూది తీసి తన కొంగుకి గుచ్చుకుంది.

కబుర్లన్నీ నర్సే మోసేది. డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా గేటు దగ్గర ఆగేది. "నడుం కింద స్పర్శ లేదక్కా. డాక్టర్లు చూద్దాం అంటున్నారు. చూద్దాం అంటే ఏమిటో మనకి తెలీదూ? బావగారేమో జోకులు వేస్తున్నారు, పైన కరెంటుంది, కింద ఫ్యూజు పోయింది అని. అక్క నవ్వుతుంది. నవ్వి బాత్రూములోకి వెళ్తుంది." ఒకరోజు ఆమే విసిగిపోయింది. "అడకత్తెరలో పోకచెక్కనైపోయాను నేను. అక్కడ మీ పేరెత్తకూడదు, ఇక్కడ ఆవిడ పేరెత్తకుండా ఉండకూడదు!"

తిట్టిందే గానీ వెళ్లిపోతూ ఒక మాట చెప్పింది. కదలని మనిషికి మడమల కింద, తుంటి కింద ఒత్తిడి పడి చర్మం కమిలిపోతోందట. ఆసుపత్రి దిండ్లు రాయిలా ఉన్నాయట. మెత్తని చిన్న బొంతలు ఉంటే బాగుండునట.

బొంతలమ్మ ఆ మధ్యాహ్నమే కూర్చుంది. పిల్లలు చిన్నప్పుడు కప్పుకున్న పాత దుప్పట్లు, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయినవి, పొరలుగా వేసింది. అతుకు ఒత్తుకుంటుందని రంగుల ముక్కలు వాడలేదు. ముడి పడితే గుచ్చుకుంటుందని దారాన్ని ముడి లేకుండా మలిచి కుట్టింది. పెద్దకూతురు సూదిలో దారాలెక్కించి ఇచ్చింది. అత్తగారు ప్రతి అంగుళం వేలితో తడిమి చూసింది. ఈసారి ఎక్కడా విప్పమనలేదు. డ్రైవరు అక్కడే కూర్చుని చూశాడు. కాసేపటికి, "నాకేదైనా పని చెప్పు" అన్నాడు. చెప్పడానికి ఆమెకేమీ తోచలేదు. దారం ఉండ పట్టుకోమంది. పట్టుకున్నాడు.

నాలుగు చిన్న బొంతలు నర్సు చేతిలో పెట్టి, "ఎవరిచ్చారని చెప్పకు" అంది.

"ఆసుపత్రివే అంటాలే."

మూడు రోజులు నర్సు మా వైపు రాలేదు. నాలుగోరోజు వచ్చి గేటు పట్టుకుని నిలబడింది.

"ఒక్క చూపుకే కనిపెట్టేసింది అక్కా. టైలరు కదా. కుట్టు చూసి, ఇది నా చెల్లెలి చెయ్యి అంది."

"తీసేసిందా?"

"లేదు. ఆయన మడమల కింద పెట్టింది. తీసేద్దామనే అనుకుందట, ఆయనేమో హాయిగా ఉందన్నారట. నీతో ఈ మాట చెప్పమంది. 'ఆయనకి సుఖంగా ఉంది కాబట్టి తీసేయలేను. కానీ ఇంకోటి పంపొద్దను. ఇవి చూసినప్పుడల్లా నాకు ఏం చెయ్యాలో తెలియట్లేదు.' అదీ ఆవిడన్న మాట. ఒక్క ముక్క కలపలేదు నేను."

బొంతలమ్మ ఇంకో రెండు కుట్టి పెట్టి ఉంచింది అప్పటికే. వాటిని నర్సుకు చూపించలేదు.

సెలవులు అయిపోయాయి. మలుపులో దీపాలు విప్పేశారు, ఈసారి వేరే మనుషులు. బడులు తెరిచాక విచారణ జరిగింది. డ్రైవరు యూనియన్ పెద్ద చెప్పమన్న మాట చెప్పలేదు. తాను చూసింది చెప్పాడు, చూడంది చూడలేదన్నాడు. ఎవరి తప్పూ పూర్తిగా కాదని రాశారు. అతన్ని మళ్లీ బస్సు ఎక్కించారు, వేరే దారిలో. ఆ మాట విని ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. పెద్దకూతురు మాత్రం, "కనీసం నాన్న గోడకేసి చూస్తూ కూర్చోవడం తప్పింది" అంది.

ఎలక్ట్రీషియను చక్రాల కుర్చీలో ఇల్లు చేరాడు. టైలరక్క కొట్టు తెరిచింది. కొట్టు ముందు మెట్లు కొట్టేసి కుర్చీ ఎక్కేలా వాలు కట్టించింది. అతను ఇప్పుడు లోపల కూర్చుని ఇస్త్రీపెట్టెలూ మిక్సీలూ బాగుచేస్తున్నాడని విన్నాను. బొంతలమ్మ పెద్దవీధికి వెళ్లాల్సి వస్తే సందులోంచి చుట్టూ తిరిగి వెళ్తుంది. పీలికలు ఇప్పుడు ఎక్కడినుంచీ తెచ్చుకోవట్లేదు. ఇంట్లో ఉన్నవాటితోనే కుడుతోంది. నర్సు ఒకరోజు ఆ ఇంటికి, ఒకరోజు ఈ ఇంటికి వెళ్తుంది. ముగ్గురు కూర్చునే చోట ఇద్దరు కూర్చుంటే కబుర్లు తొందరగా అయిపోతాయి.

మొన్నామధ్య మందుల షాపు దగ్గర వరసలో నిలబడి ఉండగా, తన ముందున్నది టైలరక్క అని బొంతలమ్మ వెనక నుంచే పోల్చుకుంది. వెళ్లిపోదామనుకుంది. అత్తగారి కంటి చుక్కలు అయిపోయాయి, వెళ్లడానికి లేదు. అవతలామె మందుల సంచీ అందుకుని వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఎదురుబొదురు.

"పెద్దదాని పరీక్షలెప్పుడు?" అంది టైలరక్క.

"వచ్చే నెల."

"బాగా రాయమను."

"బావగారు ఎలా..." అని బొంతలమ్మ మొదలుపెట్టింది.

టైలరక్క తల ఊపింది. బాగున్నారని ఊపిందో, అడగొద్దని ఊపిందో తెలియలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నేను కిందికి దిగితే బొంతలమ్మ ఈ నాలుగు మాటలూ నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పాక, "పలకరించింది కదండీ. మంచిదే కదా?" అని అడిగింది. మంచిదే అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?