జైల్లో నేర్చిన కుట్టుపని

నా చిన్నప్పుడు, గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో మేముండే రోజుల్లో, మా మేనమామ జైలు నుంచి విడుదలై వచ్చాడు. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. గనిలోంచి రాగి తీగ ఎత్తుకుపోయి అమ్మే గుంపుతో తిరిగి పట్టుబడ్డాడు. మా బాపు గని డ్యూటీలో ఉన్నాడు గనుక అమ్మ నన్నే వెంటబెట్టుకుని రామగుండం రైలు స్టేషనుకు వెళ్లింది.

జైలుకు పోయేనాటికి మామకు సంతకం కూడా రాదు. ఆ రోజు మా ఊరు ఖనికి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బోర్డులు చదివాడు. "సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును" అని కూడబలుక్కుని, సరిగ్గా చదివానా అన్నట్టు నా వైపు చూసేవాడు. బడికి పోయే పిల్లను కదా, నేను తలూపితే ఆయన ముఖం వెలిగిపోయేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి ఏడ్చింది. సంతోషంతో మా అమ్మ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

జైల్లో పొద్దున ఒక పంతులు వచ్చి అక్షరాలు నేర్పేవాడట. మధ్యాహ్నం నుంచి కుట్టుపని. మామకు ఆ పని బాగా పట్టుబడింది. వచ్చిన వారంలోనే పక్కింటి అవ్వ దగ్గర మిషను అడిగి నాకు బడి గౌను కుట్టాడు. అవ్వ మిషను ఇచ్చింది కానీ, ఆయన కుట్టినంతసేపూ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మామ అది గమనించనట్టే తల వంచుకుని కుట్టాడు.

ఆ గౌనే తొడుక్కుని మామతో బజారులోని దర్జీ దుకాణానికి వెళ్లాను. పని చూపించడానికి అది తప్ప ఆయన దగ్గర ఇంకేమీ లేదు. బయల్దేరేముందు అమ్మ ఆయనకు మరీమరీ చెప్పింది. "యాడ నేర్చుకున్నవంటే బొంబాయిల అను. ఎవలు పోయి అడిగొస్తరు?"

దర్జీ వయసు మళ్లిన మనిషి. నా గౌను అంచు తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి చూశాడు. "చేతిల పనున్నది తమ్మీ. రేపటిసంది రా" అన్నాడు. మామ గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది. అంతలోనే దర్జీ మామూలుగా, ఏదో మాట కలపడానికన్నట్టు, "యాడ నేర్చుకున్నవ్?" అన్నాడు.

మామ నా వైపు చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "జైల్ల నేర్చుకున్ననన్నా" అన్నాడు.

దుకాణంలో మిషన్లు ఒక్కటొక్కటిగా ఆగిపోయాయి. దర్జీ కసురుకోలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత గుర్తుండేది కాదేమో. మాకు కూర్చోమని బల్ల చూపించి, చాయ్ తెప్పించాడు. "నాకేం లేదు తమ్మీ. గిరాకులు బట్టలిస్తరా? ఆడోళ్లు కొలతలియ్యనీకి వస్తరా? నువ్వే చెప్పు" అని బతిమాలినట్టు అడిగాడు. మామ చాయ్ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎండకు తారు రోడ్డు చెప్పులకు అంటుకుంటోంది. నేను ఉండబట్టలేక, "బొంబాయి అంటే అయిపోవుగదా మామా" అన్నాను. ఆయన ఆగి, నా ముందు గొంతుకూర్చున్నాడు. "అబద్ధం చెప్పి చేరితే దినాం భయపడుకుంట కుట్టాలె బిడ్డా. మళ్ల గట్ల భయపడుడు నాతోని కాదు" అన్నాడు. నిజం చెప్పినవాళ్లకు చివరికి మంచే జరుగుతుందని మా బళ్లో చెప్పేవాళ్లు. నేను నమ్మాను. ఆ ఎండాకాలమంతా ఎదురుచూశాను.

మామ ఖనిలో ఉన్న దుకాణాలన్నీ తిరిగాడు. కొన్నిచోట్ల కుట్టు చూడకముందే మనిషిని గుర్తుపట్టారు. కాలనీలో ఏది పోయినా పోలీసులు ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. రెండుసార్లు ఠాణాకు తీసుకుపోయి, ఏమీ దొరక్క వదిలేశారు. బాపు ఆయన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆయనతో మాట్లాడటమే మానేశాడు. ఒక సాయంత్రం పాత గుంపువాళ్లు వచ్చి చెట్టు కింద నిలబడి పిలిచారు. యాడ నేర్చుకున్నవని వాళ్లు అడగలేదు. వానలు మొదలయ్యేసరికి మామ మళ్లీ పట్టుబడ్డాడు. ఈసారి నిజంగానే దొంగతనం చేశాడు.

అమ్మ నన్ను తీసుకుని జైల్లో మామను చూడటానికి ములాఖత్‌కు వెళ్లింది. ఇనుప తీగల జాలీ అవతల మామ చిక్కిపోయి ఉన్నాడు. కుట్టుషెడ్డులో కొత్తవాళ్లకు ఆయనే పని నేర్పుతున్నాడట. ఆ మాట చెబుతూ నవ్వబోయి ఆగిపోయాడు. నా వైపు వంగి, మెల్లగా అన్నాడు: "మొదటిసారి సదువు లేక గీడికొచ్చిననుకున్న బిడ్డా. ఇప్పుడు ఏమనుకోవాలె?"

అమ్మ "ఊకోరా" అంది. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ తర్వాత మామ ఇంకోసారి విడుదలయ్యాడు. అప్పుడు మా ఇంటికి రాలేదు. ఎటు పోయాడో, ఏ ఊళ్లో ఉన్నాడో తెలియలేదు. అమ్మ పోయేనాటికీ ఆయన కబురు రాలేదు.

నేను పంతులమ్మనై, పింఛను తీసుకునే వయసుకొచ్చాను. ఇప్పుడు వారానికోసారి జైలుకు పోయి, పదో తరగతి పరీక్షకు కూర్చునేవాళ్లకు తెలుగు చెబుతున్నాను. వాళ్లు పాసవుతారు. నేను సంతోషపడతాను. కొందరు మళ్లీ వస్తారు. పోయినేడు మంచి మార్కులతో పాసై వెళ్లిన కుర్రాడొకడు మొన్న చివరి వరసలో, నాకు కనబడకుండా ముందువాడి వీపు చాటున కూర్చున్నాడు. చూసి కూడా చూడనట్టు పాఠం మొదలుపెట్టాను. కాసేపటికి లేచి, అతని దగ్గరికి వెళ్లి, పుస్తకం తెరిచి ముందు పెట్టాను.

మళ్లీ ఎందుకొచ్చావని నేను ఎవరినీ అడగను. అది అడగవలసింది లోపలున్నవాళ్లను కాదని, వాళ్లకు పని ఇవ్వని బయటివాళ్లనని, ఆ జాలీ ఇవతల అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడినప్పుడే నాకు తెలిసిపోయింది. అడగవలసినవాళ్లను అడిగే ధైర్యం ఇన్నేళ్లలోనూ రాలేదు. పాఠం మాత్రం చెబుతున్నాను.