కడుపుకు చెవి ఆనించిన సూరమ్మత్త

మొన్న ఏలూరులో స్కానింగ్ గదిలో మనవరాలి పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మ దాని పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి, చేతిలోని యంత్రాన్ని అటూ ఇటూ జరిపింది. ఉన్నట్టుండి గదంతా దబదబమని చప్పుడు. దూరాన్నించి ఇంజను పడవ వస్తున్నట్టుంది. "అమ్మమ్మా, వింటున్నావా? బిడ్డ గుండె!" అంటూ మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గదిలో అందరూ నవ్వుతున్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఈ చప్పుడు కోసమే ఒకప్పుడు ఒక మనిషి ఆముదం రాసిన నా పొట్ట మీద చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎంతసేపో వెతికింది. దొరకలేదు. దొరకలేదని ఉన్నమాట చెప్పింది. ఆ ఉన్నమాటకి మేమంతా కలిసి ఆవిడకి చేసిన మర్యాద ఎలాంటిదో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పేరు సూరమ్మ. కొల్లేటికోటలో మా అత్తవారింటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. ఊళ్ళో పురుళ్ళన్నీ ఆవిడ చేతిమీదే. మా ఆయన్ని భూమ్మీద పడేసింది కూడా ఆవిడే. చిన్నా పెద్దా అందరికీ సూరమ్మత్తే. మనిషి నల్లగా, సన్నగా, కాస్త వంగి నడిచేది. చేతులు మాత్రం మెత్తగా ఉండేవి, రోజూ ఆముదంలో నానే చేతులు కదా. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. తియ్యటి మాటలు అసలే రావు. "పురిటి మంచం దగ్గర కబుర్లు చెప్పేదాన్ని నమ్మకండే. చేతులు కడుక్కుందో లేదో చూడండి" అనేది. కాపరానికి వచ్చిన కొత్తలో ఆవిడంటే నాకు భయం. ఎదురుపడితే పలకరింపుకి ముందు మొహం చూసి, కళ్ళకింద చూసి, "రాత్రి అన్నం తిన్నావా?" అని అడిగేది. అబద్ధం చెబితే తెలిసిపోయేది.

మా పుట్టిల్లు ఉండి దగ్గర చిన్న పల్లె. పదహారో ఏట పెళ్ళయింది. అది యాభైల మొదట్లో మాట. అత్తవారిది చేపల వేట, వేసవిలో నీరు తీసినచోట కాస్త వరి. మూడేళ్ళు నా కడుపు పండలేదు. నెలనెలా నేను బయట కూర్చున్న రోజుల్లో మా అత్తగారు గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేసేవారు. మూడో ఏడు వచ్చేసరికి ఆ చప్పుళ్ళు మాటలయ్యాయి. మా ఆయనకి ఇంకో సంబంధం చూడాలన్న మాట వంటింట్లో నాకు వినపడేలాగే అనేవారు. ఆయన వినీ విననట్టు వల బాగుచేసుకుంటూ ఉండేవారు.

అలాంటి సమయంలో రెండు నెలలు తప్పింది. పొట్ట ఎత్తుగా కనిపించింది. ఇంకేముంది, ఇంట్లో నా రాజ్యమే. అత్తగారు తన చేత్తో కొర్రమీను ముక్కలు నా కంచంలో వేసేవారు. ఐదో నెలలో మా అమ్మ చలిమిడి తెచ్చి, కడుపు చల్లగా ఉండాలని నా ఒళ్ళో పెట్టింది. మధ్యలో రెండుసార్లు మైల కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ముక్కలూ, ఆ నవ్వులూ ఆగిపోతాయని భయం. పిల్లాడికి పేరు కూడా పెట్టేసుకున్నాను. ఆ పేరు ఇప్పుడు కూడా రాయలేను.

ఏడో నెలలో గాజులు తొడిగే పేరంటం. మా ఊళ్ళో పద్ధతి ఏమిటంటే, గాజులకి ముందు మంత్రసాని వచ్చి కడుపుకి ఆముదం రాసి, చెవి పెట్టి విని, "బిడ్డ కుదురుగా ఉందమ్మా" అని పేరంటాళ్ళందరికీ వినపడేలా చెప్పాలి. అది దీవెన. నిజంగా వినాలని ఎవరూ అనుకోరు. సూరమ్మత్త మాత్రం నిజంగానే విన్నది. కుడివైపు, ఎడమవైపు, బొడ్డు కింద, మళ్ళీ కుడివైపు. పేరంటాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆవిడ నా చెవి దగ్గరకి వంగి మెల్లిగా అడిగింది.

"లోపల కదులుతోందా అమ్మాయ్?"

"కదులుతోందత్తా."

"కాలితో తన్నినట్టా, కుండలో నీళ్ళు కదిలినట్టా?"

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. ఆవిడ లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, మా అత్తగారితో అంది. "వదినగారూ, గాజులు ఆపండి. ఇది బిడ్డ కాదండి. ఏదో నీళ్ళ గడ్డ. రేపే ఏలూరు తీసికెళ్ళి చూపించండి. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదండి."

అత్తగారి మొహం మాడిపోయింది. ఊరంతటినీ పిలిచి పీట మీద కూర్చోబెట్టిన కోడలాయె. ఆవిడ ఏదో అనబోయేలోపు నేనే అన్నాను. అత్త అనే పిలుపు కూడా తీసేసి అన్నాను. "నీ కడుపున ఒక కాయ కాయలేదని నా కడుపు మీద పడి ఏడుస్తావా సూరమ్మా? నీ కళ్ళల్లో దుమ్ము పొయ్య!" పందొమ్మిదేళ్ళ పిల్లని, భయంలో అన్నాను అని నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. సర్దుబాటు కాదు. ఎక్కడ కొడితే నొప్పో చూసి మరీ కొట్టాను. ఆవిడ నన్నొకసారి చూసి, ఆముదం గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. దిష్టి తీసి గాజులు తొడిగారు.

తొమ్మిదో నెల వెళ్ళింది. పదో నెల వెళ్ళింది. నొప్పులు లేవు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే ఒడి కనిపించదు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా అయిపోయాయి. కొందరు ఆడపిల్లలు ఆలస్యంగా పుడతారని ఒకరు, పెద్దింట్లమ్మకి మొక్కు బాకీ ఉందని ఒకరు. ఆసుపత్రి మాటెత్తితే అత్తగారు, "కడుపు కోయించుకున్న దానికి ఇక పిల్లలా?" అనేవారు. మా అమ్మకి కబురు పెడితే, "అత్తగారి మాట కాదనకమ్మా" అని తిరుగు కబురు పంపింది.

ఒక ఉదయం మగవాళ్ళు వేటకి పోయాక, అత్తగారు గుడికి వెళ్ళినప్పుడు సూరమ్మత్త పెరటి గుమ్మంలోకి వచ్చింది. గట్టున పడవ పెట్టించి ఉంచింది. "లే. కోపం ఉంటే తరవాత పడుదువు గాని. ముందు బతుకు" అంది. నాకు ఎదురు చెప్పే ఓపిక కూడా లేదు. సరస్సు దాటి, గట్టెక్కి, ఎడ్లబండి మీద ఏలూరు చేరేసరికి పొద్దు వాలింది. దారి పొడవునా నా తల ఆవిడ ఒళ్ళోనే ఉంది. పేరంటం నాటి మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి అంత దారి ఉండి కూడా అడగలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు పొట్ట తట్టి చూసి, మర్నాడే ఆపరేషన్ చెయ్యాలన్నారు. అండాశయంలో నీటి తిత్తి పెరిగిందట. కాగితం తెచ్చిన నర్సు, "ఈ అమ్మాయికి మీరేమవుతారండీ?" అని అడిగింది.

"పురుళ్ళు పోసేదాన్నండి."

"అలా కుదరదండీ. సొంతవాళ్ళు వేలిముద్ర వెయ్యాలి."

సూరమ్మత్త ఒక్క క్షణం నావైపు చూసింది. "అయితే తల్లినని రాసుకోండి" అని బొటనవేలు చాపింది. గొడ్రాలని నేను తిట్టిన మనిషి, నన్ను బతికించడానికి నాకు తల్లినని అబద్ధమాడింది. మంచం మీద ఆ మాట విన్నాను. కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

మర్నాడు నన్ను ఆపరేషన్ గదికి తీసుకెళ్ళారు. ఆవిడ డాక్టరు గారికి అడ్డం నిలబడి, "పిల్లల సంచి జోలికి పోకండమ్మా. దానికి బతుకంటే అదేనమ్మా" అని దణ్ణం పెట్టింది. తెలివొచ్చాక నేను మొదట అడిగింది పిల్లాడి గురించే. ఆవిడ దాచలేదు. "పిల్లాడు లేడమ్మా. గుమ్మడికాయంత తిత్తి, నిండా నీళ్ళు. బేసిన్‌లో నా కళ్ళతో చూశాను. రెండోవైపు బాగానే ఉందట, పిల్లలు పుడతారన్నారు డాక్టరుగారు" అంది. నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. "ఏడువు. బిడ్డ కాకపోయినా మోసింది నువ్వే కదా" అంది.

ఆసుపత్రి కబురు మాకంటే ముందే ఊరు చేరింది. ఇంటికొచ్చేసరికి ఊళ్ళో కథ సిద్ధంగా ఉంది. కడుపులో బంగారంలాంటి బిడ్డ ఉందట, పేరంటం నాడు సూరమ్మ కళ్ళూ చెవీ పడి నీళ్ళైపోయిందట. మా అత్తగారిని ఒక్కదాన్నే తప్పు పట్టను. పదిమంది ముందు నీళ్ళ తిత్తికి గాజులు తొడిగించానని ఏ మనిషి ఒప్పుకుంటుంది? కానీ నాకు నిజం తెలుసు. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఎందుకంటే ఆ కథలో నేను గొడ్రాలిని కాను. ఒకసారి కడుపు పండినదాన్ని, దిష్టి తగిలినదాన్ని. రెండో సంబంధం మాట ఆగిపోయింది. నా కాపరం నిలబడింది. ఆవిడ బతుకు మీద నిలబడింది.

ఆ తరవాత పురుళ్ళకి ఎవరూ ఆవిడని పిలవలేదు. పక్క ఊరి మంత్రసాని పడవలో వచ్చేది. రెండేళ్ళకి నాకు నిజంగానే నెల తప్పింది. ఏడో నెలలో నీళ్ళరేవులో సూరమ్మత్త ఎదురైంది. బాగా చిక్కిపోయింది. నా నడక చూసి మొహం విప్పారింది. "ఈసారి నిజమేనే. ఒక్కసారి చెవి పెట్టి వినిపోనా అమ్మాయ్?" అంది. గట్టు మీద అత్తగారు చూస్తున్నారు. నేను పమిట కడుపు మీదికి లాక్కుని, బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నాకు ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే వీధికి వినపడేలా గుక్కపట్టి ఏడ్చిందట. ఆ సమయానికి సూరమ్మత్త మా చావిడి బయట నిలబడి ఉందనీ, ఏడుపు వినగానే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయిందనీ మా ఆయన చాలా ఏళ్ళ తరవాత చెప్పారు. ఆ ఎండాకాలమే ఆవిడ కామవరపుకోట వైపు ఎవరో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే పోయిందని విన్నాం. మా అత్తగారు స్నానం చేసిరమ్మని కూడా అనలేదు.

తరవాత మా చుట్టుపక్కల ఏ ఆడపిల్ల కడుపునొప్పన్నా, నెల తప్పినా, ఎవరేమనుకున్నా ఏలూరు తీసుకెళ్ళి చూపించాను. మంచిదాన్నని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా నీళ్ళరేవులో లాక్కున్న పమిట గుర్తొస్తుంది.

స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ మా కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్లు అయ్యాయా అని అడిగింది. నా సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "ఆ రోజుల్లో అంత దూరం నుంచి మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారండీ?" అంది.

"మా అమ్మ" అన్నాను.

"మా ముత్తవ్వ అంత ధైర్యస్తురాలా!" అని మనవరాలు మురిసిపోయింది. సూరమ్మత్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. నేను ఈసారి కూడా చెప్పలేదు.